చాప్లిన్ పక్కనున్న అమ్మాయి

మూకీ కామెడీ మీద వీడియో చేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. చాప్లిన్‌కి సగం వీడియో, బస్టర్ కీటన్‌కి పావు, ఓ సినిమాలో గడియారం ముల్లు పట్టుకుని వేలాడినందుకు హెరాల్డ్ లాయిడ్‌కి మిగతాది. మధ్యలో ఎక్కడో మేబుల్ నార్మాండ్ ఫొటో ఒకటి తళుక్కుమంటుంది. "చాప్లిన్ సరసన మెరిసిన అందాల తార" అంటుంది గొంతు. అంతే, ఆమె పని అయిపోయింది. మొన్న అలాంటిదే ఇంకోటి చూశాను.

సరే, అలాగే కానిద్దాం. 1914లో చాప్లిన్ కీస్టోన్ అనే కామెడీ సినిమాల కంపెనీకి కొత్తగా వచ్చినవాడు. మేబుల్ అప్పటికే సినిమా పేరులోనే తన పేరుండే స్టార్, పైగా డైరెక్టర్. ఆ టోపీ, కర్ర, వదులు ప్యాంటుతో ఆయన మొదట కెమెరా ముందుకొచ్చింది కూడా మేబుల్ పేరు పెట్టుకున్న సినిమా కోసమే. ఇవన్నీ చెబితే వీడియో పొడుగైపోతుంది కాబోలు.

ఇక ఆ మహత్తర ఘట్టం. 'మేబుల్ ఎట్ ద వీల్' షూటింగు. డైరెక్టర్ మేబుల్, విలన్ చాప్లిన్. రోడ్డు మీద పైపుతో నీళ్లు కొడితే కారు జారుతుంది, భలే నవ్వొస్తుంది అన్నాడాయన. టైమ్ లేదు, చెప్పింది చెయ్యి అందామె. అంతే. తనకు చెప్పేంత సామర్థ్యం నీకు లేదని ముఖం మీదే అనేసి, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా రోడ్డు పక్కన కూలబడ్డాడు. యూనిట్ మొత్తం నిలబడింది, కెమెరా నిలబడింది, అల్లుడుగారు మాత్రం లేవలేదు. పాపం, మనమూ అర్థం చేసుకోవాలి. తనకన్నా మూడేళ్లు చిన్నదైన ఆడపిల్ల "యాక్షన్" అంటే ఏ మేధావికి మాత్రం టెన్షన్ రాదు? కంపెనీ యజమాని మ్యాక్ సెన్నెట్ ఆయన్ని పీకేద్దామనుకున్నాడు. ఈలోగా చాప్లిన్ సినిమాలు ఇంకా పంపమని న్యూయార్క్ నుంచి టెలిగ్రామ్ వచ్చింది. అలక కాస్తా కళాకారుడి ఆత్మాభిమానం అయింది. అదే మేబుల్ అలా కూర్చుని ఉంటే దాన్ని పొగరు అనేవారు. ఈ కథంతా ఆయనే 1964 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే ఆమె పోయిన 34 ఏళ్లకు కూడా, డైరెక్టర్‌గా ఆమె సమర్థత మీద ఆయనకు అనుమానం తీరలేదు.

తన పేరుతో స్టూడియో పెట్టి ఆమె చేసిన 'మికీ' 1918లో విరగాడింది. దాని జోలికి ఎవరూ పోరు. అందరికీ 1922 కావాలి.

ఆ ఫిబ్రవరిలో దర్శకుడు విలియం డెస్మండ్ టేలర్‌ని ఎవరో కాల్చి చంపారు. ఆ సాయంత్రం ఆమె ఆయన్ని పలకరించి వెళ్లింది. ఆమె చేసిన నేరం అదొక్కటే. కేసు పెట్టలేదు, చంపినవాడు నూరేళ్లు దాటినా దొరకలేదు, శిక్ష మాత్రం ఆమెకు పడింది. 1924లో ఆమె డ్రైవర్ ఎవరినో కాల్చాడు. ఆమె సినిమాలు ఆపాలని పెద్దమనుషులు లేచారు. సిగ్గులేని పత్రికలు మత్తుమందులూ ప్రియులూ అంటూ రోజూ పీక్కుతిన్నాయి. మనిషి క్షయతో చచ్చిపోతున్నా వదల్లేదు. 1930లో 37 ఏళ్లకే పోయింది.

ఇవాళ్టికీ ఆమె పేరు వెతికితే ముందు హత్య వస్తుంది, తర్వాత సెన్నెట్‌తో ప్రేమ, ఆ తర్వాత చాప్లిన్. ఆమె డైరెక్ట్ చేసిన సినిమాల దాకా రావాలంటే చాలా కిందికి దిగాలి.