మారుమనస్సుకు లెక్క కట్టేదెలా?

అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆంతరంగికుల్లో ఒకడైన చార్లెస్ కోల్సన్, న్యాయప్రక్రియకు అడ్డు తగిలినట్లు నేరం ఒప్పుకొని 1974లో అలబామాలోని మాక్స్‌వెల్ జైలుకు వెళ్లాడు. ఏడు నెలల శిక్ష అనుభవించి వచ్చాక, 1976లో ఖైదీల మధ్య సువార్త పరిచర్య కోసం ప్రిజన్ ఫెలోషిప్‌ను స్థాపించాడు. ఆదివారం ఆరాధనతో ఆగకుండా, జైల్లో ఒక విభాగమంతటినీ బైబిలు బోధన చుట్టూ నడిపే కార్యక్రమాన్ని ఆ సంస్థ 1997లో టెక్సాస్‌లో ప్రారంభించింది. చెరసాల పరిచర్య ఫలితాలను గురించిన వాదమంతా నేటికీ ఆ ప్రయోగం చుట్టూనే తిరుగుతోంది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 2003లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కార్యక్రమాన్ని పూర్తి చేసిన 75 మందిలో విడుదలైన రెండేళ్లలోపు తిరిగి జైలుపాలైనవారు 8 శాతం కాగా, వారితో పోల్చదగిన ఇతర ఖైదీలలో ఆ సంఖ్య 20.3 శాతం. వైట్‌హౌస్ దాకా సంబరపడిన అంకె ఇది. అయితే కార్యక్రమంలో చేరినవారు 177 మంది. అందరినీ కలిపి చూస్తే తిరిగి జైలుకు వెళ్లినవారు 24.3 శాతం, అంటే చేరనివారికంటే కాస్త ఎక్కువే. పైగా 'పూర్తి చేసినవాడు' అనిపించుకోవాలంటే, విడుదలయ్యాక వరుసగా మూడు నెలలు ఉద్యోగంలో నిలవాలి, మూడు నెలలు చర్చి సంఘంలో క్రియాశీలంగా ఉండాలి. ఉద్యోగం నిలుపుకున్నవాడు మళ్లీ నేరం చేసే అవకాశం తక్కువని చెప్పడానికి అధ్యయనం అక్కరలేదు. గెలిచినవారిని ఏరి పక్కన పెట్టి, వీరంతా గెలిచారని చెప్పడం లాంటిదే ఇది.

అయితే కార్యక్రమం విఫలమైందని తేల్చిన విమర్శకులు సైతం ఇక్కడ తొందరపడ్డారని నా అభిప్రాయం. మధ్యలో ఆగిపోయిన 102 మందిలో సరిగ్గా సగం మంది ముందుగానే పెరోల్‌పై విడుదలైనవారు, వారిని విఫలురనలేం. అసలు ఆ అంకెలు చూపుతున్నది వేరే సంగతి: గోడల లోపల ఎంత వాక్యం చెప్పినా, బయటికి వచ్చిన మొదటి నెలల్లో పని చూపించి, ఫోన్ చేసి పలకరించి, ఆదివారం బండి మీద ఎక్కించుకొని వెళ్లే మనిషి లేకపోతే ఆ బోధ నిలవడం కష్టం. స్థానిక సంఘాలు ఉచితంగా ఇవ్వగలిగినదీ, ప్రభుత్వ శాఖలు ఇవ్వలేనిదీ ఆ తోడే.

ప్రభుత్వ ధనం కలిసేసరికి వ్యవహారం మారిపోయింది. అయోవా రాష్ట్రంలోని న్యూటన్ జైలులో ఇదే కార్యక్రమంలో చేరినవారికి చెక్క తలుపుల గదులు, వాటి తాళంచెవులు దక్కాయి. మిగతా ఖైదీలకు ఆ వసతి లేదు. కొన్నేళ్లపాటు ఖర్చులో కొంత భాగాన్ని ఖైదీల ఫోన్ ఛార్జీలపై వచ్చే సొమ్ము నుంచి తీశారు, అంటే ఆ మతాన్ని నమ్మనివాడు ఇంటికి చేసిన ఫోను డబ్బు సైతం అందులో చేరింది. 2006లో జిల్లా న్యాయమూర్తి రాబర్ట్ ప్రాట్ ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చాడు, 2007లో అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. పరిచర్య చేసేవారికి ఈ తీర్పు వ్యతిరేకమని చాలామంది అనుకున్నారు. మంచి గది కోసం మోకరించినవాడి మారుమనస్సును ఏ పాస్టరు నమ్మగలడు? ఆ అనుమానం నుంచి పరిచర్యను కాపాడిన తీర్పుగానే దాన్ని నేను చూస్తాను.

లూసియానాలోని అంగోలా జైలు కథ ఇంకో రకం. ఖైదీల కళాశాల చదువుకు ప్రభుత్వం నుంచి అందే పెల్ గ్రాంట్లను 1994లో అమెరికా కాంగ్రెస్ రద్దు చేయగా, 1995లో పాస్టర్లను తయారుచేసే న్యూ ఓర్లీన్స్ బాప్టిస్టు సెమినరీ లోపలికి వచ్చి డిగ్రీ బోధన ప్రారంభించింది. అక్కడివారిలో అధికులకు యావజ్జీవ శిక్షే కాబట్టి మళ్లీ నేరం చేస్తారా అన్న కొలమానం పనికిరాదు. చదివినవారు తోటి ఖైదీలకే బోధకులయ్యారు, చావుబతుకుల్లో ఉన్నవారి పక్కన కూర్చున్నారు. ఇది చిన్న సేవ కాదు. కానీ వేరే కళాశాలల దారి మూసుకుపోయినచోట సెమినరీలో చేరడాన్ని పూర్తి స్వేచ్ఛతో చేసిన ఎంపిక అనడానికి మనసొప్పదు. 2023 జులై నుంచి పెల్ గ్రాంట్లు ఖైదీలకు మళ్లీ అందుతున్నాయి. పక్కనే మరో తరగతి గది తెరిచి ఉండగా సెమినరీ బల్లపై ఎందరు కూర్చుంటారో ఇకమీదట చూడవచ్చు.