మాల్‌కొక తూకం, అంగడికొక తూకమా?

కడప నగరంలో నాలుగంతస్తుల షాపింగ్ మాల్ ఒకటి దసరా ముంగిట మూతపడింది. అందులో పనిచేసే అమ్మాయిలకు ఆ సంగతి ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చిన రెండు ముక్కల సందేశంతో తెలిసింది. నమ్మలేక, పొద్దున్నే యూనిఫాం చీరల్లోనే వచ్చి, దించేసిన షట్టరు ముందు మెట్ల మీద టిఫిన్ క్యారియర్లు పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. రావలసిన జీతం ఎవరినడగాలో చెప్పే మనిషే అక్కడ లేడు. ఆ మెట్ల దగ్గరికి ఒక్క పెద్దమనిషీ రాలేదు గానీ, వారం తిరక్కముందే మాల్ యాజమాన్యాలను ఆదుకోవాలని, ఆస్తిపన్ను మాఫీ చేయాలని, కరెంటు బకాయిలను వాయిదాల్లో కట్టుకోనివ్వాలని సిఫారసులు మొదలయ్యాయి. ఏ విషయంలోనూ ఒక్కమాట మీద నిలవని నాయకులు ఈ ఒక్క విషయంలో పార్టీలకతీతంగా ఏకమైపోవడం చూస్తే ఒళ్లు మండుతోంది.

ఈ మాల్స్ మన ఊళ్లకు వచ్చిన కొత్తలో ఇదే పెద్దలు ఏమన్నారో ఈ పత్రికకు గుర్తుంది. వై.వి. స్ట్రీట్‌లో తాతల నాటి నుంచి బట్టలమ్ముకుంటున్నవాళ్లు గిరాకీ పడిపోయిందని, బాడుగలు కట్టలేకపోతున్నామని మొత్తుకుంటే, కాలంతోపాటు మారాలని, పోటీకి తట్టుకోలేనివాడు తప్పుకోక తప్పదని వేదికలెక్కి హితబోధ చేశారు. ఎన్ని అంగళ్లు తలుపులు వేసుకున్నాయో ఎవరూ లెక్క పెట్టలేదు, ఏ ఒక్క అంగడికీ పన్ను మాఫీ మాట ఎత్తలేదు. అంగడి మూతపడితే మార్పు అన్నారు, మాల్ మూతపడితే సంక్షోభం అంటున్నారు. ఒకే వీధిలో, ఒకే సరుకు అమ్మే ఇద్దరికి రెండు తూకాలు పట్టడం ఏ న్యాయమో వారే చెప్పాలి.

మాల్స్ ఖాళీ అవుతున్నాయన్నది కొత్త సంగతేమీ కాదు. స్థిరాస్తి సలహా సంస్థ నైట్ ఫ్రాంక్ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, దేశంలోని పెద్ద నగరాల్లో 40 శాతానికి మించి ఖాళీగా పడి ఉన్న మాల్స్ 2022లో 57 ఉంటే మరుసటి ఏడాదికి 64కు పెరిగాయి. అలా పాడుబడిన జాగా 1.33 కోట్ల చదరపు అడుగులు. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో సినిమా తెరలు, తిండి కోర్టులు ఉన్న భారీ మాల్స్ కిటకిటలాడుతూనే ఉండగా, చితికిపోయినవి ఎక్కువగా చిన్నవి, ముందుచూపు లేకుండా కట్టినవి. ఆ కట్టుబడిలోనే లోపం ఉంది. బిల్డరు ఒక్కో షాపును ఒక్కొక్కరికి అమ్మేసుకుని తన దారి తాను చూసుకుంటే, ఏ అంతస్తులో ఏ వ్యాపారం ఉండాలో చూసేవాడు, లిఫ్టు చెడితే బాగుచేయించేవాడు, మరుగుదొడ్లు కడిగించేవాడు ఎవరూ మిగలరు. కువైట్‌లో ఏళ్ల తరబడి ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఊళ్లో కాంప్లెక్సులో ఒక షాపు కొనుక్కుని, నెలనెలా బాడుగ వస్తుందని ఆశపడి మోసపోయిన కుటుంబాలు ఈ జిల్లాలో ఉన్నాయి. ఇప్పుడు వినిపిస్తున్న సిఫారసుల్లో ఆ కుటుంబాల ఊసే లేదు.

కొనేవాళ్ల అలవాటు మారిన మాట నిజం. మొన్న ఒక సాయంత్రం ఒక బట్టల అంగట్లో మా ప్రతినిధి కళ్లారా చూసిందే ఇక్కడ రాస్తున్నాం. తెల్లటి పరుపు మీద గుమాస్తా ఒక్కొక్కటిగా ముప్పై చీరలు విప్పి పరిచాడు. అంచు చూపించాడు, కొంగు చూపించాడు, వెలుతురులో రంగు తెలియాలని వీధి గుమ్మం దాకా తెచ్చి చూపించాడు. కొనవచ్చిన కుటుంబంలోని అమ్మాయి చీటీ మీది ధరకు ఫోటో తీసి, ఫోనులో అలాంటి చీరనే వెతికి, మూడు వందలు తక్కువకు వస్తోందని తల్లికి చూపింది. వాళ్లు మర్యాదగానే లేచి వెళ్లిపోయారు. గుమాస్తా ఆ ముప్పై చీరలనూ మడతలు పోకుండా మళ్లీ పెట్టడానికి అరగంట పట్టింది. ఆ కుటుంబాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, కష్టపడి సంపాదించిన మూడు వందలు ఎవరికీ చేదు కాదు. అయితే ఆ మూడు వందల తేడా ఎక్కడి నుంచి వస్తోందో అడగవలసిన ప్రభుత్వాలు అడగకపోవడమే మా బాధ.

2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, రాష్ట్రం ఒప్పుకోవాలని, పది లక్షల జనాభా దాటిన నగరాల్లోనే అలాంటి అంగళ్లు తెరవాలని కేంద్రం మొదట షరతులు పెట్టింది. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షలైనా దాటని కడపకు ఆ లెక్కన అవి రాకూడదు. గుమ్మంలోంచి రానివ్వబోమన్నదాన్ని కిటికీలోంచి రానిచ్చారు. ఆన్‌లైన్ వేదికలకు నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచి, సొంతంగా సరుకు నిల్వ పెట్టి అమ్మకూడదు, ధరలను ప్రభావితం చేయకూడదు అని కాగితం మీద రాశారు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఆ నిబంధనలను ఇంకా బిగించామన్నారు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వేదికలపై కొందరు అమ్మకందార్లకే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదు మీద వ్యాపారాల్లో పోటీ న్యాయంగా సాగుతోందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో విచారణకు ఆదేశిస్తే, అది కోర్టుల్లో చిక్కుకుని ఏడాదిన్నర కదలకుండా ఉండిపోయింది. అదే చిన్న అంగడివాడు జీఎస్‌టీ రిటర్ను ఒక్క రోజు ఆలస్యం చేసినా ఆలస్య రుసుము కట్టక తప్పదు. రెండు తూకాలు ఢిల్లీలోనూ ఉన్నాయి, గల్లీలోనూ ఉన్నాయి.

ఆస్తిపన్ను సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో 2021 నుంచి పన్నును అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం ఖరీదు మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఉన్నా, స్థలం విలువ పెరిగే కొద్దీ పన్నూ పెరుగుతూనే పోతుంది. బజారు వీధిలో పదడుగుల అంగడి ఉన్నవాడికి ఆ పెరుగుదల పుట్టించే నష్టమెంతో ఆలోచించండి. స్థలం ఖరీదైంది కాబట్టి పన్ను ఎక్కువ, గిరాకీ లేదు కాబట్టి రాబడి తక్కువ. సాయంత్రం దాకా బోణీ కాని రోజున కూడా అతడు ఆ పన్నుకు బాధ్యుడే. మూసిన మాల్‌కు మాఫీ ఇవ్వవచ్చునన్న వాదనను ఒప్పుకుంటే, తెరిచి ఉండీ అమ్మకాల్లేని అంగడికి అంతకంటే ముందే ఇవ్వాలి. ఒక్కసారి బలమున్నవాడికి ఆనవాయితీ కల్పిస్తే, రేపు నష్టపోయిన ప్రతి పెద్ద వ్యాపారమూ ఆ ఉత్తర్వునే చేతబట్టుకుని వస్తుంది, ఆ మేరకు లోటును పూడ్చేది మళ్లీ ఈ పదడుగుల అంగడే.

పసుపు పంట మార్కెట్ యార్డుకు చేరి డబ్బు చేతికొచ్చేదాకా రైతు కుటుంబానికి పెండ్లి బట్టలు, పండగ సరుకులు అరువిచ్చి ఖాతా పుస్తకంలో రాసుకున్నది ఈ అంగడి. 2020 లాక్‌డౌన్‌లో జూన్ 8 దాకా మాల్స్ తాళాలు తెరుచుకోలేదు. అన్నాళ్లూ ఉప్పు, పప్పు అందించింది వీధి చివరి చిల్లర అంగడి. ఏ యాప్ ఖాతా పుస్తకం తెరిచి, వచ్చే పంటకు ఇవ్వమ్మా అంటుంది?

మాల్స్ మూతపడితే వందల మంది ఉపాధి పోతుందని, కాబట్టి రాయితీ ఇచ్చైనా నిలబెట్టాలని కొందరు వాదిస్తున్నారు. ఉపాధి మీద అంత ప్రేమే ఉంటే, ముందు ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ల జీతాల సంగతి మాట్లాడాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోవడానికి స్టూలు కూడా లేకుండా నిలబడి అమ్మిన అమ్మాయిలు వాళ్లు. పనిచేసే చోట కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో రాసుకున్నాయి. మాల్స్ నిండుగా కళకళలాడిన రోజుల్లో ఆ స్టూలు కోసం నోరెత్తని నాయకులకు, మాల్స్ ఖాళీ అయ్యాక ఉపాధి గుర్తుకొచ్చింది. పీఎఫ్ కట్టారా, ఈఎస్ఐ కట్టారా, నోటీసు ఇచ్చారా అన్న మూడు ప్రశ్నలకు కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబు రాబట్టే వరకు రాయితీ అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

మా వంతు తప్పునూ ఒప్పుకుంటున్నాం. పండగ అమ్మకాల వేళ ఆన్‌లైన్ సంస్థల నిండు పేజీ ప్రకటనలు ఈ పత్రిక మొదటి పేజీలోనూ వచ్చాయి. ఆ డబ్బు తీసుకున్నాం కాబట్టి ఈ మాటలు అనకుండా ఉండలేం.

పాలకులకు నిజంగా వ్యాపారాన్ని నిలబెట్టాలన్న పట్టుదల ఉంటే చేయదగ్గ పని కళ్లెదుటే ఉంది. రంజాన్ ఆఖరి పది రోజుల్లో, దసరా ముందు వారంలో పాత బజార్లకు పల్లెల నుంచి ఇంకా జనం వస్తూనే ఉన్నారు. వాళ్లకు బండి నిలుపుకునే చోటు, నిలబడటానికి నీడ, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. సీమ పట్టణాల్లో ఈ మూడూ దొరికే పాత బజారు ఎక్కడుందో చూపమని అడుగుతున్నాం. జనం మాల్‌కు ఎందుకు వెళ్లారో, ఇప్పుడు ఫోనుకు ఎందుకు అతుక్కున్నారో తెలుసుకోవడానికి పెద్ద నివేదికలు అక్కర్లేదు, చంటిబిడ్డను ఎత్తుకుని ఎండలో ఆ వీధుల్లో ఒక్క గంట తిరిగితే చాలు.

ఆ అమ్మాయిల జీతాల లెక్క తేలకముందే, చిన్న అంగళ్లకు అదే రాయితీ ప్రకటించకముందే, మాల్ మాఫీ కాగితం మీద ఎవరైనా సంతకం పెట్టదలిస్తే, పన్ను కట్టలేక తాళం వేసుకున్న ప్రతి అంగడి ముందూ నిలబడి, ఆ ఇంటివాళ్ల మొహం చూస్తూ ఆ సంతకం ఎందుకు పెట్టారో చెప్పవలసి ఉంటుంది.