ఇల్లరికపు అల్లుడు మైటోకాండ్రియా గారికి

అల్లుడుగారికి, కాలేయ కణంలో రాత్రింబవళ్లు ప్రొటీన్లు కట్టే రైబోజోమ్ నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. మీ దయవల్ల కణానికి ఇంధనమైన ఏటీపీకి లోటు లేదు.

మీరు బాక్టీరియాగా ఈ ఇంట అడుగుపెట్టి 150 కోట్ల ఏళ్లు దాటింది. తెచ్చుకున్న జన్యువుల్లో చాలావరకు పోగొట్టుకున్నారు, లేదా కేంద్రకం పేరున రాసిచ్చారు. మనుషుల్లో మీకు మిగిలినవి 37. వాటితో మీరు సొంతంగా చేసుకునేవి 13 ప్రొటీన్లు. కావలసినవేమో వెయ్యికి పైమాటే! మిగతావన్నీ మేం చేసి పంపాలి. సరే, ఇంటి అల్లుడు, తప్పదు. కానీ గుమ్మం దగ్గర ఆ దర్జా ఏమిటండీ?

ప్రొటీన్ ముడుచుకుని రాకూడదట. దారిలో ముడుచుకోకుండా హెచ్‌ఎస్‌పీ70 అనే తోడు ప్రొటీన్ పట్టుకుని తేవాలట. ముందు కొసన ధనావేశం ఉన్న అడ్రస్ తోక ఉండాలట. బయటి పొర వాకిట్లో టామ్, లోపలి పొర గడపలో టిమ్ అనే ద్వారాలు. లోపలున్న రుణావేశం ఆ తోకని లాగుతుంది, మిగతా ఒళ్లంతా లాగడానికి మళ్లీ ఏటీపీ ఖర్చు. తీరా లోపలికొచ్చాక అడ్రస్ కోసి పారేస్తారు!

కేంద్రకాన్ని చూడండి. పెత్తనమంతా ఆయనదే, అయినా ముడుచుకున్నవాళ్లని ముడుచుకున్నట్టే రానిస్తాడు. అడ్రస్‌గా లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగైదు కనబడితే ఇంపోర్టిన్ అనే మోత ప్రొటీన్ వెంటబెట్టుకుని గోడలోని రంధ్రం దాటిస్తుంది, లోపల రాన్ అనే మరో ప్రొటీన్ విడిపిస్తుంది. అడ్రస్ కొయ్యరు. కణం విడిపోయేటప్పుడు ఆ గోడ కూలుతుంది, మళ్లీ లేచాక అందరూ లోపలికి రావాలిగా! (నా కూర్పు చాలావరకు ఆయనింట్లోనే జరిగింది, పక్షపాతం ఉంటే ఉండొచ్చు.)

పోనీ, ఇంత తనిఖీ చేసి పొరపాట్లు రానివ్వరా? ఏజీటీ అనే ఎంజైమ్ కణంలోని మరో గది పెరాక్సిజోమ్‌కి వెళ్లాలి. చకచకా ముడుచుకుంటుంది కాబట్టి మీ గుమ్మంలో పట్టదు. కొందరిలో జన్యు మార్పుల వల్ల దాని ముందు కొస మీ అడ్రస్‌లా కనబడుతుంది, ముడుచుకోవడమూ ఆలస్యమవుతుంది. అంతే, లోపలికి లాగేసుకుంటారు! ఎంజైమ్ పని బాగానే చేస్తుంది, కాకపోతే చెయ్యాల్సిన చోట లేదు. ఆక్సలేట్ అనే వ్యర్థం పేరుకుంటుంది, కిడ్నీలో రాళ్లు. మందలింపులు మాత్రం మాకు.

ఇంకొక్క మాట. పింక్1 అనే ప్రొటీన్ రోజూ మీ గుమ్మానికొస్తుంది, మీరు లోపలికి లాగి ముక్కలు చేయిస్తున్నారు. మీ పొరలో ఆవేశం పడిపోయిన రోజున లాగలేరు. అది గుమ్మంలోనే నిలబడి తోటి ప్రొటీన్ పార్కిన్‌ని పిలుస్తుంది. పార్కిన్ మీ ఒంటినిండా యుబిక్విటిన్ అనే ‘పారేయండి’ చీటీలు అంటిస్తుంది. ఆ తర్వాత మిమ్మల్ని సాంతం మింగేసే ఏర్పాటు ఇంట్లోనే ఉంది.

కాబట్టి అల్లుడుగారూ, ఆవేశం తగ్గించుకోమని మాత్రం నేను చచ్చినా చెప్పను.

ఇట్లు,
మీకు వండి పంపే రైబోజోమ్