పండగ పూట ఎముకల మాటా?

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సభలో మన కాలేజీ పిల్లలు, మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో పురాతన ఎముకలున్న గుహ చూసొచ్చిన యాత్ర గురించి చెబుతుంటే మధ్యలోనే ఆపించారు. "పండగ పూట ఈ ఎముకల గొడవ ఎందుకమ్మా, ఇక చాలు" అన్నారు వేదిక మీదున్న పెద్దాయన. మాట్లాడుతున్న అమ్మాయి "సారీ అంకుల్" అని దిగిపోయింది. తను గీసిన బొమ్మలు సగం కూడా చూపించలేదు. ఫోటోలు లేవు మరి. 2012లో ఒక పర్యాటకుడి కెమెరా జారి అక్కడి పుర్రె మీద పడినప్పటి నుంచీ ఆ గుహలోకి కెమెరాలు తీసుకెళ్లనివ్వరు.

వాళ్లకు తోడుగా వెళ్లిన తల్లిదండ్రుల్లో నేనూ ఉన్నాను. గుహ పేరు ఆక్టున్ టునిచిల్ ముక్నాల్. అడవిలో వాగు దాటుకుంటూ నడిచి, గుహ ముఖద్వారం దగ్గర ఈదుకుంటూ లోపలికి వెళ్లాలి. ముందురోజు, అక్కడి ప్రాచీన మాయా జాతి నగర శిథిలమైన షునాన్‌తునిచ్‌లో, సుమారు 40 మీటర్ల ఎత్తున్న కట్టడం మీద సెల్ఫీలతో కేరింతలు కొట్టిన పిల్లలే ఇక్కడ గుసగుసగా మాట్లాడారు. పై గదికి ఎక్కాక బూట్లు విప్పి సాక్సులతో నడవాలి. నేలంతా కుండలు. వాటి మధ్య, సున్నపు పొర కమ్మి మెరిసే మనుషుల ఎముకలు. మాయా ప్రజలకు గుహలు పాతాళానికి దారులు, వాన దేవుడు చాక్ ఉండే చోట్లు. 8, 9 శతాబ్దాల్లో కరువులు ముదిరినకొద్దీ వాళ్లు ఇంకా లోపలికి వెళ్లి మొక్కుకున్నారని పరిశోధకులు భావిస్తున్నారు. బలులూ ఇచ్చారు. వింటుంటే నాకు గుండె బరువెక్కింది.

పెద్దాయన బాధ నాకు అర్థమైంది. కొత్త సంవత్సరం మొదలవుతుంటే మంచి మాట వినాలనుకోవడం తప్పు కాదు. కానీ అదే సభలో అరగంట ముందు పంతులుగారు పంచాంగం చదివి, ఈ ఏడు ఎన్ని కుంచాల వానో చెబితే అందరం చెవులు రిక్కించి విన్నాం. వాన కోసం బెంగపడిన మరో జాతి కథ మనకు అశుభం ఎలా అయింది? ఆ జాతి అంతరించిపోలేదు కూడా. మోపన్, కెక్చీ మాయా కుటుంబాలు ఇప్పటికీ దక్షిణ బెలీజ్‌లో మొక్కజొన్న పండించుకుంటున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలు "మనకూ ఇలాంటివి ఉన్నాయా?" అని అడిగారు. ఇండియా వెళ్లిన ప్రతిసారీ పెళ్లిళ్లకు, బంగారం షాపులకు తిప్పుతాం. నాగార్జునకొండకు ఎంతమందిమి తీసుకెళ్లాం? సాగర్ నీళ్లలో మునిగిపోకముందే అక్కడ తవ్వి తీసినవి ద్వీపం మీద భద్రంగా ఉన్నాయి. పడవెక్కితే చాలు, చూడొచ్చు.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. దీపావళి సభలో ఈ పిల్లలకు అరగంట ఇవ్వండి. డాన్సులన్నీ అయ్యి, జనం భోజనాలకు లేచాక కాదు, ముందే ఇవ్వండి. ఆ అమ్మాయిని పిలిచి అడిగే పని నేను చేస్తాను. ఈసారి మైకు మాత్రం లాక్కోవద్దు.