"నలుగురం పట్టి ఎత్తేద్దాం" అనే ఫార్వర్డుకు జవాబు

"షాపులకీ క్లినిక్కులకీ ర్యాంపు దండగ. వీల్‌చైర్ వాళ్లు రారు. చట్టం గవర్నమెంటు ఆఫీసులకే. కట్టినవి ఎవరూ వాడరు, జాగా తింటాయి. ఎవరైనా వస్తే నలుగురం పట్టి ఎత్తేద్దాం." విశాఖ గ్రూపుల్లో ఈ మెసేజ్ ఆగడం లేదు. చదువుకున్నవాళ్లే పంపుతుంటే ఒళ్లు మండుతోంది.

రారట! గుమ్మం ముందు మూడు మెట్లుంటే ఎలా వస్తారు? ఇక చట్టం: 2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్‌లో ప్రైవేటు సేవలు కూడా ఉన్నాయి. చదువుకోండి.

అసలు ప్రమాదం ఆ ఎత్తడంలోనే ఉంది. కుర్చీ చేతులు, పాదాల పలకలు చాలావాటికి ఊడివచ్చేవే. వాటిని పట్టుకుని లేపితే చేతికొచ్చేస్తాయి, మనిషి పడిపోతాడు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. నడుం కింద స్పర్శ లేనివాళ్లకి కాలు మెట్టుకి ఒరుసుకుపోయినా తెలియదు, అదే పుండవుతుంది. బ్యాటరీ కుర్చీల్లో యాభై కిలోలు దాటేవి ఎన్నో, మనిషి బరువు కాకుండా. తప్పనిసరైతే ముందు కూర్చున్నవాళ్లని అడగండి, ఎక్కడ పట్టుకోవాలో వాళ్లే చెప్తారు. ఊడని ఫ్రేమునే పట్టుకోండి. ఎక్కించేటప్పుడు కుర్చీ వీపు మెట్లవైపు ఉండాలి. బలమైన మనిషి వెనక నిలబడాలి. ఇంతా చేసి, పంటి నొప్పికి వచ్చిన మనిషిని బజారులో అందరూ చూస్తుండగా మూటలా మోయడం సాయమా?

"ఎవరూ వాడరు" అన్నది మాత్రం ఒప్పుకుంటాను, కానీ తప్పు కట్టిన తీరులో ఉంది. ర్యాంపుకి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు, ఇదీ లెక్క. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగులు కావాలి. మనవాళ్లు ఐదడుగుల్లో ముగించి నున్నటి గ్రానైట్ పరుస్తారు. దానిమీద ముందు చక్రాలు లేచి కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అలాంటిది కట్టడం కన్నా మానేయడమే నయం.

జాగా సంగతా? మధ్యలో ఐదడుగుల ల్యాండింగ్ (వాలు లేని చదును జాగా) ఇచ్చి ర్యాంపుని వెనక్కి మడవచ్చు. ఒక్క మెట్టున్న చిన్న కొట్టుకి శాశ్వత ర్యాంపే అక్కర్లేదు. ఆరడుగుల మడత అల్యూమినియం ర్యాంపు, కూర్చుంటే అందే ఎత్తులో కాలింగ్ బెల్ చాలు. పని అయ్యాక ర్యాంపు తీసేయండి, ఫుట్‌పాత్ మీద వదిలేస్తే చూపులేనివాళ్లు తట్టుకుని పడతారు. మామూలు ఇనప రెయిలింగ్ మన ఉప్పుగాలికి తుప్పు పట్టి చేతులు కోస్తుంది, ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు వేయండి. తలుపు ముందు ఐదడుగులు వాలు లేకుండా వదలండి. లేకపోతే తలుపు తీయడానికి చక్రం మీంచి చెయ్యి తీయగానే కుర్చీ వెనక్కి జారిపోతుంది.