పొగ వాళ్లది, థైరాయిడ్ బిళ్ల మనది

థైరాయిడ్ ఎందుకొచ్చిందని ఎవరినడిగినా వంశంలో ఉందనో, టెన్షన్ ఎక్కువైందనో, బరువు పెరిగిందనో చెబుతారు. తప్పు ఏదో ఆ మనిషిలోనే ఉన్నట్టు, ముఖ్యంగా ఆ ఆడమనిషిలోనే ఉన్నట్టు మాట్లాడతారు. ఆమె ఇల్లు ఎక్కడ, పక్కన ఏ ఫ్యాక్టరీ ఉంది, రోజూ ఎంతసేపు ట్రాఫిక్‌లో నిలబడుతోంది అన్న ప్రశ్నలు కన్సల్టేషన్ గదిలో వినపడవు. ఇకమీదట వినపడాలి. గాలి కాలుష్యం ఊపిరితిత్తులు, గుండె దగ్గరే ఆగడం లేదని, గొంతు ముందున్న ఆ చిన్న గ్రంథి మీదా దాని ప్రభావం పడుతోందని నమ్మడానికి తగినన్ని ఆధారాలు వచ్చాయి. ప్రభుత్వాలు కదలడానికి ఇవి చాలు.

మన దగ్గర ఈ జబ్బు ఎంతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో చేసిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ మందగించే జబ్బు ఉందని అందులో తేలింది. అయోడిన్ చాలక గొంతు దగ్గర వచ్చే వాపు, గాయిటర్ నివారణ కార్యక్రమం 1962 నుంచీ నడుస్తోంది, అయోడిన్ ఉప్పు దాదాపు ప్రతి వంటింట్లోకీ చేరింది. అయోడిన్ లోపం తగ్గినా థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారంటే, వేరే కారణాల కోసం గట్టిగా వెతకాలి.

వెతికినవాళ్లకు దొరుకుతున్నాయి కూడా. అమెరికా, యూరప్‌లలో దాదాపు 10 వేల మంది గర్భిణుల వివరాలు కలిపి చూసిన అధ్యయనం 2019లో అచ్చయింది. పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళి ఎక్కువగా పీల్చినవాళ్లలో థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్ తక్కువగా ఉండే అవకాశం ఎక్కువని అది చూపించింది. దక్షిణ కొరియాలో, చైనాలో మామూలు పెద్దవాళ్ల రక్త పరీక్షలను వాళ్లుండే చోటి గాలి లెక్కలతో పోల్చిన అధ్యయనాల్లోనూ ఇలాంటి సంబంధమే బయటపడింది. గర్భిణుల సంగతి ప్రత్యేకంగా ఎందుకు పట్టించుకోవాలంటే, మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి. పైగా ఆ అధ్యయనంలో కనిపించిన లోపంలో థైరాయిడ్‌ను పనిచేయించే మెదడు హార్మోన్ టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది, టీ4 మాత్రమే తగ్గుతుంది. ఒక్క టీఎస్‌హెచ్ చూసి ‘నార్మలే’ అని పంపించేస్తే అది చిక్కదు.

గాలికీ ఈ గ్రంథికీ సంబంధం ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. నిజానికి థైరాయిడ్ పనితీరు తెలిసినవాళ్లు ఆశ్చర్యపోవాల్సింది లేదు. రక్తంలో తిరిగే కొద్దిపాటి అయోడిన్‌ను ఇది పట్టి లోపలికి లాక్కుంటుంది. అలా లాక్కునే ద్వారం అయోడిన్‌కు, దాన్ని పోలిన వేరే రసాయనాలకు తేడా సరిగా పట్టలేదు. పెర్‌క్లోరేట్, నైట్రేట్, థయోసైనేట్ లాంటివి వచ్చి ఆ ద్వారాన్ని ఆక్రమిస్తాయి. థైరాయిడ్ అతిగా పనిచేసే రోగులకు ఒకప్పుడు పెర్‌క్లోరేట్‌నే మందుగా ఇచ్చేవారు, గ్రంథిని అణచడానికి. ఆ పెర్‌క్లోరేటే దీపావళి టపాసుల్లోనూ వాడతారు. డాక్టరు కొలిచి ఇచ్చిన పదార్థాన్ని కొలతా పాడూ లేకుండా వీధుల్లోకి వదులుతున్నాం.

ఇంకో దారి ఉంది. హార్మోన్ తయారుచేసుకోవడానికి థైరాయిడ్ తనలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించుకుంటుంది. అంటే ఎప్పుడూ నిప్పు పక్కన పనిచేసే అవయవం ఇది. సూక్ష్మ ధూళి కణాలు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తుల అడుగుకు చేరి ఒళ్లంతా వాపును, ఒంటి కణాలను లోలోపల దెబ్బతీసే ఆక్సిడేటివ్ ఒత్తిడిని పెంచుతాయి. వాటిని అంటిపెట్టుకుని సీసం, కాడ్మియం, డీజిల్ పొగలోని హైడ్రోకార్బన్లు వస్తాయి. ఈ కణాలు పీల్పించిన ఎలుకల్లో థైరాయిడ్ హార్మోన్లు తారుమారయ్యాయి. అంతెందుకు, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి ఉన్నవాళ్లకు సిగరెట్ మానకపోతే కళ్లు దెబ్బతినే ముప్పు పెరుగుతుందని హార్మోన్ల డాక్టర్లు ముందే హెచ్చరిస్తారు. పొగ థైరాయిడ్ రోగికి చేటు చేస్తుందని వైద్యానికి ఎప్పుడో తెలుసు. సిగరెట్ మానమని రోగికి చెప్పగలిగినప్పుడు, వీధి పొగ ఆపమని ప్రభుత్వానికి ఎందుకు చెప్పకూడదు?

దీన్ని ఒప్పుకోని డాక్టర్లున్నారు. పెద్దవాళ్లలో హైపోథైరాయిడిజానికి ప్రధాన కారణం ఒంటి రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసే హషిమోటో వ్యాధి అని, పరీక్షలు పెరగబట్టి కేసులు ఎక్కువగా కనిపిస్తున్నాయని, పై అధ్యయనాలు సంబంధం చూపాయే తప్ప కారణాన్ని రుజువు చేయలేదని వాళ్లంటారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ రోగనిరోధక వ్యవస్థ ఎందుకు గాడి తప్పుతోందన్న ప్రశ్నకు హషిమోటో అన్న పేరు జవాబు కాదు. తిరుగులేని రుజువు వచ్చేదాకా ఆగుదామంటే, ఆ ప్రయోగం మన ఒళ్ల మీదే జరుగుతుంది. పెట్రోలులో సీసాన్ని 2000లో దేశమంతటా తీసేసినప్పుడు ఒక్కొక్క పిల్లాడికి ఏ బంకు వల్ల హాని జరిగిందో తేల్చాకే తీసేయలేదు కదా.

పొద్దున్నే ఏ కాలనీలోకైనా వెళ్లి చూడండి. రాలిన ఆకులను చీపురుతో కుప్ప చేస్తారు. అందులో పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, గుట్కా కవర్లు, ఎవరో పారేసిన చెప్పు కూడా ఉంటాయి. బండి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అగ్గిపుల్ల గీస్తారు. ముందు తెల్లటి పొగ, ప్లాస్టిక్ అంటుకున్నాక నల్లటి పొగ, గొంతు పట్టేసే ఘాటు. పక్కనే అపార్ట్‌మెంట్లో ఒకావిడ పరగడుపున థైరాయిడ్ బిళ్ల వేసుకుని, కాఫీ తాగడానికి అరగంట ఆగాలి కాబట్టి బాల్కనీలో నిలబడి ఉంటుంది. ఆ పొగంతా ఆవిడకే. ఆవిడ కంటే ఎక్కువ పీల్చేది చీపురు పట్టుకున్న కార్మికురాలు. ఆమెకు టీఎస్‌హెచ్ పరీక్ష ఎవరూ చేయించలేదు. నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం ఇవన్నీ పని అలసటేననుకుని నెట్టుకొస్తుంది. ఇలాంటి కుప్పలు కాలినప్పుడు డయాక్సిన్లు పుడతాయి. థైరాయిడ్ హార్మోన్ల వ్యవస్థను చెడగొట్టే రసాయనాల్లో అవీ ఉన్నాయి.

మరి ఈ పొగను ఆపడానికి డబ్బు లేదా? ఉంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. తెలంగాణలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, విజయవాడ, గుంటూరుతో కలిపి 13 పట్టణాలు దాని కిందికి వచ్చాయి. దేశవ్యాప్తంగా ఆ నిధుల ఖర్చును సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 2024లో లెక్కగట్టింది. 64 శాతం రోడ్ల దుమ్ము మీదే పోయింది. ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు, గుంతలు పూడ్చే పనులు. పరిశ్రమల పొగ మీద పెట్టింది 1 శాతం కూడా లేదు. కారణం ఒక్కటే, ఫలితాలను ప్రధానంగా పీఎం 10 అనే పెద్ద ధూళి కణాల లెక్కలతో కొలుస్తున్నారు. పెద్ద కణం తగ్గితే మార్కులు పడతాయి. రక్తంలోకి దిగే చిన్న కణం పొయ్యిల నుంచి, చిమ్నీల నుంచి, సైలెన్సర్ల నుంచి వస్తుంది. దాని జోలికి వెళితే యజమానులతో, పారిశ్రామికవేత్తలతో తగువు. నీళ్ల ట్యాంకరుతో ఎవరికీ తగువు లేదు.

నా అసలు కోపం ఇక్కడే. థర్మల్ కేంద్రాలు గంధకపు వాయువును అరికట్టే పరికరాలు బిగించుకోవాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. గడువు మీద గడువు ఇచ్చింది. చివరికి 2025 జులైలో అత్యధిక ప్లాంట్లకు ఆ బాధ్యతే తప్పించింది. ఆ వాయువు గాలిలో కలిసి సల్ఫేట్ కణాలవుతుంది, అవి పీఎం 2.5లో భాగం. ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మన ప్రమాణం 40 దగ్గరే ఉంది, అదీ 2009లో రాసుకున్నది. పరికరం బిగిస్తే కంపెనీకి ఖర్చని లెక్క వేసిన అధికారులు, బిగించకపోతే ఇళ్లకు పడే ఖర్చును కాగితం మీద పెట్టలేదు. నెలనెలా బిళ్లల డబ్బా, కొన్ని నెలలకోసారి రక్త పరీక్ష, డాక్టరు ఫీజు, ఇవన్నీ చాలామందికి బతికున్నంతకాలం ఉంటాయి. బిళ్ల చవకే కాబట్టి ఎవరూ గొడవ చేయరు. లక్షల కుటుంబాలకు చిన్న చిన్న బిల్లులుగా పంచితే పెద్ద నష్టం ఎవరి కంటా పడదు.

దీన్ని లెక్కలోకి తేవడం మన దగ్గర సాధ్యమే. హైదరాబాద్ శివార్లలోని 28 గ్రామాల్లో 3,700 మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి, పీఎం 2.5 ఎక్కువున్న చోట ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉందని 2020లో పరిశోధకులు తేల్చారు. ఎముకలకు చేసింది థైరాయిడ్‌కూ చేయొచ్చు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, కాలుష్య నియంత్రణ మండళ్ల దగ్గర గాలి లెక్కలున్నాయి, బీపీ, షుగర్ పరీక్షలకు ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఇంటింటికీ వెళుతున్నారు. పటాన్‌చెరు, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చుట్టుపక్కల ఊళ్లు, పోర్టు బొగ్గు పొడి పడే విశాఖ పాతనగరం, ఈ మూడు చోట్ల ముందుగా టీఎస్‌హెచ్, టీ4 రెండూ చేయించాలి. పొగ లేని మండలాలతో పోల్చి ఫలితాలు తెలుగులో బయటపెట్టాలి. పారిశుధ్య కార్మికులను, ట్రాఫిక్ కానిస్టేబుళ్లను మొదటి జాబితాలోనే చేర్చాలి. పరిశ్రమల విస్తరణకు అనుమతి ఇచ్చేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఆ ఫలితాలను అధికారులు చదివి వినిపించాకే జనాన్ని అభిప్రాయం అడగాలి.