రీసెట్ స్విచ్చి

మా ఆవిడకు నేను చెప్పిన లెక్క ప్రకారం ఆ విమానం ఖరీదు 3,500 రూపాయలు. అసలు లెక్క వేరే ఉంది, దాని సంగతి ఇప్పుడెందుకు.

థర్మాకోలు ఒళ్ళు, ఈ కొస నుంచి ఆ కొసకు రెండున్నర మూరల రెక్క, ముక్కున ప్రొపెల్లరు, పొట్టలో 2200 ఎంఏహెచ్ బ్యాటరీ. చేతిలో రెండు పుల్లల రిమోట్. నలభై ఆరేళ్ళ వయసులో మనిషికి షుగరో, భక్తో రావాలి. నాకు ఇది వచ్చింది.

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు పెట్టె చూడగానే అన్నాడు: "మామా, దీన్ని ఇప్పుడే గాల్లోకి వదలబాక. ముందు సిమ్యులేటర్ కొని, ఒక నెల కంప్యూటర్లో తోలు."

"ఎంతవుతుంది?"

"రిమోట్‌ను కంప్యూటర్‌కు తగిలించే కేబులుతో కలిపి ఎనిమిది వేల చిల్లర."

"గాల్లో ఎగిరేదానికి డబ్బు పెట్టినానంటే అర్థముంది. తెర మీద ఎగిరేదానికి ఎనిమిది వేలా? ఆకులో వెయ్యని సంగటికి బిల్లు కట్టమంటావే!"

వాడు వదల్లేదు. రాత్రి అన్నం దగ్గర చరిత్ర ఎత్తుకున్నాడు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో, వాళ్ళ నాయన ఆర్గాన్లనే వాద్యాల కంపెనీలో ఉండే గాలితిత్తులు, పంపులు వాడి, తోలడం నేర్చుకునేందుకు నేల మీదే ఊగే విమానం ఒకటి చేశాడట. విమానాల వాళ్ళు పట్టించుకోకపోతే వినోదాల పార్కులకు అమ్ముకున్నాడట, మన తిరునాళ్ళలో రంగులరాట్నం మాదిరి. 1934లో టపా మోసే పని సైన్యానికి అప్పజెప్పితే, చలికాలం మబ్బుల్లో దారి తెలియక పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం వాళ్ళు వచ్చి 6 కొనుక్కుపోయారట.

"నేనేమన్నా టపా మోస్తా ఉండానా?" అన్నాను, ఇంకో ముద్ద ఊరిబిండిలో అద్దుకుంటూ.

"సరే, ఉచితంగా వచ్చేది సీఆర్‌ఆర్‌సీసిమ్ ఉంది, అదన్నా వేసుకో. కానీ కేబులు మాత్రం కొను. నీ రిమోట్‌తోనే నేర్చుకోవాల."

ఉచితం అన్న మాట వినపడింది. కేబులు అన్న మాట వినపడలేదు. నాలుగు రాత్రులు మౌసుతో తోలి, ఐదో రోజు పొద్దున్నే ఊరి బయట ఎండిపోయిన చెరువుకు బయల్దేరాను. తిరుపతి వాళ్ళకు ఇంత సుఖం లేదు, పక్కనే రేణిగుంట విమానాశ్రయం. కొండ మీదైతే డ్రోను తీస్తే నేరుగా పోలీసు స్టేషనే. మా చిత్తూరులో ఆకాశం మీద అంత పట్టింపు లేదు.

విమానం బాగానే లేచింది. పోయేటప్పుడు మర్యాదగా పోయింది. తిరిగి నా మొహం మీదికి వస్తున్నప్పుడే తంటా. అది అవతలికి పోయేటప్పుడు నా కుడీ దాని కుడీ ఒకటే. ఎదురొచ్చేటప్పుడు తారుమారు. నేను కుడికి తోస్తే అది నాకు ఎడమకు వంగింది. ఇంకా గట్టిగా కుడికి తోశాను. అది ఇంకా శ్రద్ధగా ఎడమకు వంగి, చెరువు మట్టిలో ముక్కు గుచ్చింది. మేకలు కాసే పిల్లోడు పరిగెత్తుకొచ్చి, "ఇంకోసారి చెయ్ అన్నా" అన్నాడు.

ఇంటికొచ్చి, చుక్క వేస్తే అతుక్కునే గమ్ము వేశాను. ఆ గమ్ము థర్మాకోలును కరగదీస్తుందని వేశాకే తెలిసింది. పగులు పోయి బొక్క వచ్చింది. మోటారు, ప్రొపెల్లర్లు, కొత్త ముక్కు కలిపి 2,700 అయ్యాక, ఎనిమిది వేలు పెద్ద మొత్తమేమీ కాదనిపించింది.

డబ్బు పెట్టి కొన్నది బాగుంది, కాదనను. గాలి పెంచుకోవచ్చు, రకరకాల విమానాలు మార్చుకోవచ్చు. ఎదురొచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలితే పుల్లను ఆ వైపుకే తొయ్యాలన్న కిటుకు నా వేళ్ళకు పట్టింది దాంట్లోనే. నిజం చెప్పాలంటే అదే కిటుకు ఉచితం దాంట్లో కూడా పట్టేది, మూడువందలు పెట్టి కేబులు కొనుంటే. ఈ మాట మేనల్లుడి ముందు అననులెండి.

కూలిన ప్రతిసారీ కీబోర్డు వైపు చెయ్యి చాపడం విసుగనిపించి, రీసెట్‌ను రిమోట్ మీద ఎడమ చేతి పక్కనున్న స్విచ్చికి పెట్టుకున్నాను. టక్ అంటే చాలు, కొత్త విమానం. పక్క గదిలో పడుకున్న మా ఆవిడ ఆ టక్కులు లెక్కపెట్టేది. "ఈ పొద్దుకు పదిహేడు. ఇంక పడుకోండి."

మూడు వారాలకు టక్కులు రాత్రికి రెండుకు దిగాయి. మళ్ళీ చెరువుకు పోయాను, ఈసారి మేనల్లుడు తోడు. మూడు చుట్లు చక్కగా తిప్పాను. ఎదురుగా కూడా తెచ్చాను. మేకల పిల్లోడు నిరాశపడ్డాడు. అప్పుడొచ్చింది ఆషాఢం గాలి. విమానం పక్క మామిడి తోపు మీదికి జరిగి ఎడమ రెక్క వాల్చింది. పెద్ద ప్రమాదమేమీ కాదు, పుల్ల కొంచెం తోస్తే సర్దుకునేది. కానీ నా చూపుడువేలు నన్నడగలేదు. టక్.

బ్యాటరీ పెట్టేటప్పుడు ప్రొపెల్లరు తిరిగి వేళ్ళు తెగకూడదని మేనల్లుడు అసలు విమానానికి సరిగ్గా అదే స్విచ్చి మీద మోటారు ఆపేది పెట్టాడు. మోటారు ఆగిపోయింది. నేను కొత్త విమానం కోసం చూస్తున్నాను.

"మామా! స్విచ్చి! స్విచ్చి!"

స్విచ్చి అన్నాడు కదా అని మళ్ళీ కొట్టాను. మోటారు తిరిగింది. ఇంకోసారి కొట్టాను. ఆగింది. మిట్ట ఎక్కే పాత మోపెడు మాదిరి దగ్గుకుంటూ పోయి చెట్టులో దిగింది.

తోపు కాపలా అవ్వ దోటి పట్టుకుని నిలబడి ఉంది. "ఏం నాయినా, మందు కొట్టే మిషనా?"

"కాదవ్వా. ఊరికే ఎగరేసేది."

"ఊరికేనా?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇంత వయసొచ్చినోడు అన్న మాట నోటితో అనలేదు, అంతే. దోటితో రెండు పోట్లు పొడిస్తే విమానం ఒకవైపు, రెక్క ఇంకోవైపు, వాటితోపాటు బెంగుళూరా కాయలు పదకొండు రాలాయి. కాయలు నేనే రాల్చినట్టు తీర్పు చెప్పి, 120 తీసుకుని సంచిలో వేసిచ్చింది.

విమానం కారు డిక్కీలోనే ఉంచి, సంచి మాత్రం లోపలికి తీసుకెళ్ళాను. మా ఆవిడ ఒక కాయ కోసి, ఉప్పూ కారం అద్ది, ముక్క నోట్లో పెట్టుకుని, "బాగుండాయే. కిలో ఎంత పడింది?" అంది.

విమానం, మోటారు, ప్రొపెల్లర్లు, సిమ్యులేటర్, కేబులు, అన్నీ కూడి, మూడు కిలోలతో భాగించి చూసుకున్నాను.

"చవకే" అన్నాను.